అల్ట్రావైడ్ కర్వ్‌డ్ గేమింగ్ మానిటర్: కొనే ముందు ఏం కొలవాలి, వచ్చాక ఏం చూడాలి

34 అంగుళాలది చాలా, 49 తీసుకోవాలా? వంపు 1000ఆర్ మేలా, 1800ఆర్ మేలా? ఓఎల్‌ఈడీ తీసుకుంటే మచ్చలు పడతాయా? వెడల్పాటి వంపు మానిటర్ కొందామనుకునేవాళ్లు తిప్పితిప్పి ఈ మూడే అడుగుతున్నారు. వీటికి జవాబులున్నాయి, కింద చెబుతాం. కానీ వాటికంటే ముందు తేలాల్సినవి వేరే ఉన్నాయి: మీ టేబుల్ లోతెంత, మీ గ్రాఫిక్స్ కార్డు ఏది, మీరు నిజంగా ఆడే ఆటలేవి. ఈ మూడూ కాగితం మీద రాసుకుంటే చూడాల్సిన మోడళ్ల జాబితా చాలా చిన్నదైపోతుంది. బాక్సు మీద పెద్ద అక్షరాలతో వేసే హెర్ట్జ్ (స్క్రీన్ సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మార్చగలదో), మిల్లీసెకన్లు, హెచ్‌డీఆర్ ముద్రలు ఆ తర్వాతి సంగతి.

కావలసినవి

- కొలత టేపు
- ఒక పెద్ద అట్టపెట్టె, కత్తెర, రెండు మీటర్ల దారం, పెన్సిల్
- గ్రాఫిక్స్ కార్డు పూర్తి పేరు, దాని వెనక ఏయే పోర్టులు ఉన్నాయో
- గత మూడు నెలల్లో ఆడిన ఆటల జాబితా (ఎప్పటికైనా ఆడదామనుకుంటున్నవి కాదు, ఆడినవి)
- చూస్తున్న మానిటర్ పూర్తి మోడల్ నంబరు, చివరి అక్షరంతో సహా

ఆ చివరి అక్షరం ఎందుకంటే: ఏలియన్‌వేర్‌లో ఏడబ్ల్యూ3423డీడబ్ల్యూ అనేది 175 హెర్ట్జ్, లోపల జీ-సింక్ మాడ్యూల్ (కార్డు పంపే బొమ్మల వేగానికి స్క్రీన్ వేగాన్ని కలిపేది) ఉంటుంది. దాని చివర ఒక్క ‘ఎఫ్’ చేరితే 165 హెర్ట్జ్, అదే పని వేరే పద్ధతిలో చేసే ఫ్రీసింక్ మోడల్. పేరులో తేడా ఒక్క అక్షరమే, లోపల ఎలక్ట్రానిక్స్ వేరు. రివ్యూ ఒకదానికి చదివి, ఆర్డరు ఇంకోదానికి పెట్టేవాళ్లు తక్కువేం కాదు.

1. టేబుల్ కొలవండి

34 అంగుళాల 21:9 (వెడల్పు, ఎత్తుల నిష్పత్తి) స్క్రీన్ వెడల్పు సుమారు 80 సెంటీమీటర్లు, ఎత్తు 33. ఎత్తులో అది మామూలు 27 అంగుళాల మానిటర్‌తో సమానమే, పక్కలకు మాత్రం పెరిగింది. 49 అంగుళాల 32:9 అయితే వెడల్పు 120 సెంటీమీటర్లు. రెండు 27 అంగుళాల మానిటర్లను అతుకు లేకుండా పక్కపక్కన పెట్టినట్టన్నమాట.

వెడల్పు అందరూ కొలుస్తారు. లోతు దగ్గరే పొరపాటు పడతారు. ఈ మానిటర్ల స్టాండ్ కాళ్లు బాగా చాచుకుని ఉంటాయి, 34 అంగుళాలవాటికే 25 నుంచి 30 సెంటీమీటర్ల లోతు తినేస్తాయి. స్టాండు వెనకభాగం గోడకు తగిలాక స్క్రీన్ మధ్యభాగం గోడ నుంచి 15–20 సెంటీమీటర్లు ముందుకు వస్తుంది. వంపు వల్ల అంచులు ఇంకా ముందుకొస్తాయి. టేబుల్ లోతు 60 సెంటీమీటర్లే అయితే ఇక కీబోర్డుకూ మౌస్‌ప్యాడ్‌కూ మిగిలేది 40. మౌస్ సెన్సిటివిటీ తక్కువ పెట్టుకుని చేయి బార్లా జరిపి ఆడే అలవాటుంటే అది చాలదు.

స్పెసిఫికేషన్ పేజీలో ‘స్టాండుతో సహా కొలతలు’ అని మూడు అంకెలుంటాయి. సాధారణంగా మూడోది లోతు. అది చూడకుండా ముందుకు వెళ్లొద్దు.

చూసుకునే పద్ధతి: అట్టను 80 × 33 సెంటీమీటర్లకు కత్తిరించి, పుస్తకాల దన్నుతో టేబుల్ మీద నిలబెట్టండి. మీరు ఆడేటప్పుడు కూర్చునే భంగిమలోనే కూర్చుని కంటి నుంచి అట్ట మధ్యకు టేపు పట్టండి. 34 అంగుళాలకు 65 నుంచి 80 సెంటీమీటర్లు బాగుంటుంది. 49కి 75 కంటే తగ్గితే ఆటలో మ్యాపు ఒక మూల, బుల్లెట్ల లెక్క ఇంకో మూల ఉండి, ప్రతిసారీ మెడ తిప్పాల్సి వస్తుంది.

దూరం చాలకపోతే టేబుల్‌కు బిగించే మానిటర్ ఆర్మ్ ఒక దారి. దాని జాగ్రత్తలు పదో అంచెలో ఉన్నాయి.

2. సైజుకు తగ్గ రిజల్యూషన్ పట్టుకోండి

ఇక్కడ చూడాల్సింది అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయనేది.

- 34 అంగుళాలు, 3440 × 1440: అంగుళానికి సుమారు 110. అక్షరాలు స్పష్టంగా ఉంటాయి, విండోస్ స్కేలింగ్ 100 శాతం మీదే వాడుకోవచ్చు.
- 34 అంగుళాలు, 2560 × 1080: సుమారు 82. ఆటలో సర్దుకుపోవచ్చు గానీ అక్షరాల అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి. ఈ రిజల్యూషన్ 29 అంగుళాలకు సరిపోతుంది, 34కి కాదు.
- 38 అంగుళాలు, 3840 × 1600: సుమారు 110. ఎత్తు కూడా కొంచెం పెరుగుతుంది. పని, ఆట రెండూ ఒకే స్క్రీన్ మీద చేసేవాళ్లకు హాయి.
- 45 అంగుళాలు, 3440 × 1440: సుమారు 83. ఆటకు లీనమైపోయేంత పెద్దది. అదే స్క్రీన్ మీద రోజంతా కోడింగో ఎక్సెల్ పనో చేస్తే విసుగొస్తుంది. ఇదే సైజులో 5120 × 2160 మోడళ్లు ఉన్నాయి, వాటిలో ఈ బాధ లేదు. కార్డుకు మాత్రం ఉంది.
- 49 అంగుళాలు, 5120 × 1440: సుమారు 109.

ఎటూ తేలకపోతే 34 అంగుళాల 3440 × 1440 తీసుకోండి. అందరికంటే గొప్పదని కాదు, తప్పటడుగు పడే అవకాశం తక్కువని.

3. గ్రాఫిక్స్ కార్డు మోయగలదో లేదో లెక్క వేయండి

3440 × 1440 అంటే దాదాపు 49.5 లక్షల పిక్సెళ్లు. 2560 × 1440లో 36.9 లక్షలు, 1920 × 1080లో 20.7 లక్షలు, 4కేలో 82.9 లక్షలు. 5120 × 1440లో 73.7 లక్షలు, అంటే 4కేకు కాస్తే తక్కువ.

ఇప్పుడు 2560 × 1440లో సెకనుకు వంద ఫ్రేములు (బొమ్మలు) వస్తుంటే, 3440 × 1440లో దాదాపు 75 నుంచి 80 వస్తాయనుకోండి. 1080 నుంచి నేరుగా దీనికి మారుతున్నవాళ్లు ఫ్రేములు సగం దాకా పడిపోతాయని ముందే మనసు కుదుటపరచుకోవాలి. మానిటర్ 165 హెర్ట్జ్‌ది కొన్నంత మాత్రాన ఆట 165 ఫ్రేములు ఇవ్వదు. ఇచ్చేది కార్డు.

8 జీబీ మెమరీ ఉన్న కార్డుతో కొత్త ఆటల్లో టెక్స్చర్ల (వస్తువుల మీది వివరాల) నాణ్యత తగ్గించుకోవాల్సి రావచ్చు. 12 జీబీ ఉంటే నిశ్చింత. డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్ఎస్ఆర్ లాంటి అప్‌స్కేలింగ్ (తక్కువ పిక్సెళ్లతో గీసి పెద్దది చేసే) పద్ధతులు ఈ రిజల్యూషన్‌లో ‘క్వాలిటీ’ మోడ్ మీద బాగానే పనిచేస్తాయి. దాన్ని మీ లెక్కలో కలుపుకోవచ్చు.

4. మీ ఆటలు 21:9లో తెరుచుకుంటాయో చూసుకోండి

డబ్బు ఖర్చు లేకుండా, ఇప్పుడున్న మానిటర్ మీదే దీన్ని పరీక్షించవచ్చు. అయినా దాదాపు ఎవరూ చేయరు.

గ్రాఫిక్స్ డ్రైవర్ సెట్టింగుల్లో కస్టమ్ రిజల్యూషన్ అని ఉంటుంది. మీది 2560 × 1440 మానిటర్ అయితే 2560 × 1080 అని, 1920 × 1080 అయితే 1920 × 800 అని ఒకటి తయారుచేయండి. స్కేలింగ్ దగ్గర ‘ఆస్పెక్ట్ రేషియో’ పెట్టండి. ‘ఫుల్ స్క్రీన్’ పెడితే బొమ్మ నిలువునా సాగి ఫలితం తప్పుగా వస్తుంది. ఇప్పుడు ఆట తెరిచి ఆ రిజల్యూషన్ ఎంచుకోండి. పైనా కిందా నల్లపట్టీలు, మధ్యలో వెడల్పాటి బొమ్మ వస్తుంది. కొత్త మానిటర్ మీద మీకు కనిపించబోయేది ఆ మధ్య బొమ్మే.

ఇందులో మూడు గమనించండి.

ఒకటి, పక్కల కొత్త దృశ్యం కనిపిస్తోందా, లేక పైనా కిందా కోసేసి దాన్నే వెడల్పుగా చూపిస్తోందా? రెండోరకం ఆటలో మీరు డబ్బిచ్చి తక్కువ చూస్తున్నట్టు.

రెండు, అంచుల్లో మనుషులు, చెట్లు అడ్డంగా సాగినట్టున్నాయా? కొంత సాగడం సహజం. మామూలు స్క్రీన్ మీద 90 డిగ్రీలున్న దృశ్యకోణం, ఎత్తు మారకుండా 21:9కి వెళ్తే దాదాపు 107 అవుతుంది, 32:9లో 127. చదును బొమ్మగా గీసేటప్పుడు కోణం పెరిగేకొద్దీ అంచులు సాగకతప్పదు. 32:9లో ఇది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

మూడు, ఆటలోని మ్యాపు, హెల్త్ మీటర్లు స్క్రీన్ చివరలకు వెళ్లిపోయాయా, మధ్యకు జరుపుకునే సెట్టింగు ఉందా?

వాలరంట్ 16:9 దృశ్యానికి మించి చూపించదు. ఎల్డెన్ రింగ్ 16:9 దగ్గరే ఆగి పక్కల నల్లపట్టీలు పెడుతుంది, 60 ఫ్రేములు దాటదు. మీ ఆట సమయమంతా ఇలాంటివాటిలోనే గడుస్తుంటే ఈ డబ్బుతో మంచి 27 అంగుళాల 16:9 మానిటర్ తీసుకోవడమే తెలివి. కారు రేసింగ్, విమానాల సిమ్యులేటర్లు, స్ట్రాటజీ ఆటలు ఆడేవాళ్లకు మాత్రం ఈ వెడల్పు పైసా వృథా కాదు. ఒక్కో ఆట సంగతీ పీసీ గేమింగ్ వికీలో ‘అల్ట్రా-వైడ్‌స్క్రీన్’ అనే వరుసలో రాసి ఉంటుంది.

హెచ్చరిక: పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ కన్సోళ్లు 21:9 ఇవ్వవు. 34 అంగుళాల స్క్రీన్ మీద పక్కల నల్లపట్టీలతో 27 అంగుళాల బొమ్మ వస్తుంది. ఆడేది కన్సోల్ మీదే అయితే ఈ గైడు ఇక్కడితో ఆపేయవచ్చు.

5. వంపు ఎంచుకోండి

ఆర్ పక్కన ఉన్న అంకె మిల్లీమీటర్లలో వ్యాసార్ధం. 1800ఆర్ అంటే 1.8 మీటర్ల వ్యాసార్ధమున్న వృత్తంలో ఒక ముక్క. అంకె చిన్నదైతే వంపు ఎక్కువ. 1000ఆర్ 1800ఆర్ కంటే బాగా వంగి ఉంటుంది.

షోరూంలో నిలబడి చూస్తే వంపు సంగతి తేలదు. ఇంట్లో ఇలా చూడండి. దారం ఒక కొసకు పెన్సిల్ కట్టి, అక్కడి నుంచి సరిగ్గా ఒక మీటరు దూరంలో దారాన్ని నేలమీద వేలితో అదిమిపట్టండి. అట్ట మీద 80 సెంటీమీటర్ల పొడవున గీత గీయండి. అది 34 అంగుళాల 1000ఆర్ మానిటర్‌ను పై నుంచి చూసినట్టు. దారాన్ని 1.8 మీటర్లకు పెంచి మళ్లీ గీస్తే 1800ఆర్. గీత మీదుగా కత్తిరించి టేబుల్ మీద పరచి కూర్చోండి. స్పెసిఫికేషన్ పేజీలో బోధపడనిది ఇక్కడ ఒక్క చూపులో తెలుస్తుంది.

ఈ గీతల లెక్క ఇదీ. 34 అంగుళాల్లో మధ్యభాగం కంటే అంచులు 1800ఆర్ అయితే సుమారు 4.4 సెంటీమీటర్లు, 1000ఆర్ అయితే 7.8 ముందుకొస్తాయి. 49లో 1800ఆర్‌కు దాదాపు 10, 1000ఆర్‌కు 17.5. చదునైన 34 అంగుళాల స్క్రీన్ ముందు 70 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే మధ్యకూ అంచుకూ దూరంలో తేడా పదిన్నర సెంటీమీటర్లు. 1800ఆర్‌తో అది ఆరున్నరకు, 1000ఆర్‌తో మూడుకు తగ్గుతుంది. వంపు చేసే ఉపకారమంతా అదే: కన్ను మధ్య నుంచి అంచుకు జరిగినప్పుడు మళ్లీ ఫోకస్ సర్దుకునే శ్రమ తగ్గడం, అంచును ఏటవాలుగా చూడాల్సిన అవసరం తగ్గడం.

- 34 అంగుళాలకు 1500ఆర్ నుంచి 1900ఆర్ వరకు ఎవరికైనా నప్పుతుంది.
- 49కి 1000ఆర్ దండగ కాదు, అవసరమే. అంత వెడల్పులో 1800ఆర్ కూడా చాలీచాలనట్టుంటుంది.
- 800ఆర్ ఒక్కరు కూర్చుని ఆడేందుకే. పక్కన ఇంకొకరు కూర్చుని సినిమా చూద్దామంటే వాళ్లకు సగం స్క్రీన్ అవతలికి తిరిగి ఉంటుంది.
- ఇంటి ప్లాన్లు, డిజైన్లు గీసే పని కూడా దీని మీదే అయితే 2300ఆర్ లేదా 3800ఆర్ చూడండి. లోతైన వంపు మీద సరళరేఖలు విల్లులా కనిపించి చిరాకు పెడతాయి.

వీపు వెనక కిటికీ ఉంటే ఇంకో మాట. చదును స్క్రీన్ మీద చిన్న మెరుపుగా పడే వెలుగు, వంపు స్క్రీన్ మీద అడ్డంగా సాగి పట్టీలా పడుతుంది. కర్టెన్ వేసుకోండి, లేదా టేబుల్ దిశ మార్చండి.

6. ప్యానెల్ రకం తేల్చుకోండి

ఇక్కడ తీరిగ్గా ఆలోచించండి. మిగతావన్నీ సర్దుకోవచ్చు, ప్యానెల్ స్వభావాన్ని మార్చలేం.

వీఏ: ఎల్‌సీడీలో ఒక రకం. వంపు మానిటర్లలో ఎక్కువగా ఉండేది ఇదే, ధర కూడా తక్కువ. కాంట్రాస్ట్ (తెలుపుకూ నలుపుకూ వెలుగులో తేడా) సుమారు 3000:1, నలుపు నిజంగా నల్లగా ఉంటుంది. దీని జబ్బు చీకటి రంగుల్లో. నలుపు నుంచి ముదురు బూడిదకు మారడానికి పిక్సెల్ ఎక్కువ సమయం తీసుకుంటుంది. రాత్రి దృశ్యాల్లో కెమెరా తిప్పినప్పుడు చెట్ల వెనక, గోడల అంచుల వెనక మసి పూసినట్టు నల్లటి చార సాగుతుంది. బాక్సు మీద ‘1 ఎంఎస్’ అని రాసి ఉన్నా ఇది ఉండొచ్చు. ఆ అంకె చాలాసార్లు ఎంపీఆర్‌టీది, అంటే బ్యాక్‌లైట్‌ను (స్క్రీన్ వెనకి దీపాన్ని) వేగంగా వెలిగిస్తూ ఆర్పుతూ కొలిచినది, పిక్సెల్ రంగు మారే వేగం కాదు. వేగం చెప్పేది జీటీజీ. అదైనా కంపెనీ తనకు అనుకూలమైన రంగుల మధ్య కొలిచిందే అయి ఉండొచ్చు. స్వతంత్రంగా కొలిచి, చీకటి రంగుల మార్పుల పట్టిక ఇచ్చిన రివ్యూలనే నమ్మండి.

ఐపీఎస్: ఎల్‌సీడీలో ఇంకో రకం. కాంట్రాస్ట్ సుమారు 1000:1, ఐపీఎస్ బ్లాక్ అనేవాటిలో 2000:1 లేదా ఆపైన. చీకటి చారల బాధ ఉండదు, రంగులు పక్క నుంచి చూసినా మారవు. చీకటి గదిలో నలుపు బూడిదరంగులో కనిపిస్తుంది, మూలల్లో లేత మెరుపు ఉంటుంది. వంపు సాధారణంగా తక్కువ. పగలు పని, సాయంత్రం ఆట అనుకునేవాళ్లకు ఇదే సుఖం.

ఓఎల్‌ఈడీ: ఒక్కో పిక్సెలూ తనంతట తానే వెలుగుతుంది, ఆరిపోతే అక్కడ పూర్తి చీకటి. రంగు మారే వేగం 0.03 మిల్లీసెకన్లుగా చెబుతారు. చారలు, మసి ఏవీ ఉండవు. ఆట ఒక్కదాని కోసమే అయితే దీన్ని మించింది లేదు. అయితే నాలుగు విషయాలు తెలిసే తీసుకోండి.

టాస్క్‌బార్, ఆటలోని మ్యాపు లాంటివి గంటల తరబడి ఒకేచోట వెలుగుతుంటే ఏళ్ల మీద అక్కడ జాడ పడవచ్చు. రోజుకు ఎనిమిది గంటలు ఆఫీసు పని దీని మీదే అయితే వద్దనే చెబుతాం.

అల్ట్రావైడ్‌కు ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది. ఎప్పుడూ 16:9 వీడియోలు, ఆటలే చూస్తే పక్కలు వాడకం లేకుండా ఉండి, మధ్యభాగం మాత్రమే అరిగిపోతుంది. కొన్నాళ్లకు తెల్లటి పేజీ తెరిస్తే మధ్యలో కాస్త మసకగా పెట్టె కనిపించే అవకాశం ఉంది. నాలుగో అంచెలో ఆటలు పరీక్షించమన్నది ఇందుకు కూడా.

ఓఎల్‌ఈడీలోనే క్యూడీ-ఓఎల్‌ఈడీ అనే రకంలో వెలుతురు ఎక్కువున్న గదిలో నలుపు లేత ఊదా ఛాయతో బూడిదగా కనిపిస్తుంది. చాలా మోడళ్లలో సబ్‌పిక్సెళ్లు (ఒక్కో పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు) త్రికోణంలా అమర్చి ఉండటంతో అక్షరాల పైఅంచున, కిందిఅంచున సన్నటి రంగుగీతలు కూడా కనిపిస్తాయి. కొందరికి రెండు రోజుల్లో అలవాటవుతుంది, కొందరికి ఎన్నాళ్లైనా కాదు.

నాలుగోది వారంటీ. మచ్చ పడితే వర్తిస్తుందని వారంటీ పత్రంలో స్పష్టంగా రాసి ఉండాలి. మూడేళ్లు ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. రాతలో లేనిది లేనట్టే.

7. హెర్ట్జ్, పోర్టు, కేబుల్: మూడూ ఒకేసారి చూడండి

3440 × 1440 స్క్రీన్‌కు హెచ్‌డీఎంఐ 2.0 పోర్టు సాధారణంగా 100 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. దాని వాడుక సామర్థ్యం సెకనుకు 14.4 గిగాబిట్లే. డిస్‌ప్లేపోర్ట్ 1.4కు 25.9 ఉంటుంది, 10 బిట్ రంగుతో (బిట్లు ఎక్కువైతే రంగు ఛాయలు ఎక్కువ) 144 హెర్ట్జ్ దాకా కుదింపు లేకుండా సరిపోతుంది. అంతకు మించితే రంగు 8 బిట్‌కు తగ్గాలి, లేదా డీఎస్‌సీ అనే కుదింపు ఉండాలి. పైన చెప్పిన 175 హెర్ట్జ్ మోడల్ కూడా 10 బిట్ పెడితే 144కు దిగుతుంది. డీఎస్‌సీ వల్ల బొమ్మలో తేడా కంటికి తెలియదు, భయపడక్కర్లేదు.

‘హెచ్‌డీఎంఐ 2.1’ అని రాసినంత మాత్రాన 48 గిగాబిట్లు వస్తాయని కాదు. తక్కువ వేగపు పోర్టుకు కూడా ఆ పేరు పెట్టుకునే వీలుంది. గిగాబిట్ల అంకె వెతకండి. ఇక 57 అంగుళాల 7680 × 2160 లాంటి రాక్షసాకారం మీద మనసుపడితే, కార్డుకు డిస్‌ప్లేపోర్ట్ 2.1 ఉందో లేదో చూడండి. డిస్‌ప్లేపోర్ట్ 1.4 ఉన్న ఆర్‌టీఎక్స్ 40 సిరీస్ కార్డులతో ఆ 240 హెర్ట్జ్ స్క్రీన్ 120 దగ్గరే ఆగింది.

బాక్సులో వచ్చిన కేబుల్‌నే వాడండి. పొడవు చాలక వేరేది కొంటే వెసా (డిస్‌ప్లేపోర్ట్ ప్రమాణాలు నిర్ణయించే సంస్థ) ధ్రువీకరణ ఉన్నది, రెండు మీటర్లు దాటనిది తీసుకోండి. ఆట మధ్యలో స్క్రీన్ సెకనుపాటు నల్లబడి మళ్లీ వస్తుంటే మొదట అనుమానించాల్సింది కేబుల్‌నే.

ఎంత హెర్ట్జ్ కావాలంటే, మూడో అంచెలో వేసిన ఫ్రేముల లెక్క చూడండి. మీ ఆటల్లో 90 దాటనప్పుడు 240 కోసం అదనంగా పెట్టేది గోడకు కొట్టిన సున్నం. ఫ్రీసింక్ గానీ జీ-సింక్ కంపాటిబుల్ గానీ ఉండటం అంతకంటే ముఖ్యం. దాని పరిధి 48 నుంచి మొదలై గరిష్ఠం దాకా ఉంటే మంచిది.

8. హెచ్‌డీఆర్ ముద్రకు ఎంత విలువివ్వాలి

హెచ్‌డీఆర్ అంటే వెలుగులు మరింత మెరుస్తూ, చీకట్లు మరింత నల్లగా చూపించడం. డిస్‌ప్లే హెచ్‌డీఆర్ 400 ముద్ర ఉంటే లేనట్టే అనుకోండి. స్క్రీన్‌లో ఒక్కో చోట విడిగా బ్యాక్‌లైట్ తగ్గించే ఏర్పాటు దానికి తప్పనిసరి కాదు. ఎల్‌సీడీలో నిజమైన హెచ్‌డీఆర్ కావాలంటే వందల జోన్లున్న (విడివిడిగా వెలుగు తగ్గే భాగాలున్న) మినీ ఎల్‌ఈడీ బ్యాక్‌లైట్, డిస్‌ప్లే హెచ్‌డీఆర్ 1000 ముద్ర చూడండి. ఓఎల్‌ఈడీ అయితే ట్రూ బ్లాక్ 400 చాలు. దాని నలుపే దాని బలం.

9. డబ్బు కట్టే ముందు

చెడిపోయిన పిక్సెళ్లు ఎన్ని ఉంటే మారుస్తారో, తిరిగిచ్చే గడువు ఎన్ని రోజులో, ఎవరి ఖర్చుతో వెనక్కి పంపాలో రాతలో చూసుకోండి. ఇంత పెద్ద పెట్టె తిరిగి పంపడం మాటలు కాదు. గడువు ముగిసేదాకా అట్టపెట్టె, లోపలి థర్మోకోల్ ముక్కలు పారేయొద్దు.

10. బిగించడం

వంపు స్క్రీన్‌ను మంచం మీద బోర్లా పెట్టొద్దు. బరువంతా రెండు అంచుల మీద పడి ప్యానెల్ పగులుతుంది. స్టాండును థర్మోకోల్‌లో ఉండగానే బిగించండి. ఎత్తేటప్పుడు కింది ఫ్రేము కింద ఒక చేయి, వెనక ఒక చేయి. అద్దం మీద బొటనవేలు నొక్కొద్దు. 49 అంగుళాలదైతే రెండో మనిషిని పిలవండి.

ఆర్మ్ వాడితే ముందు స్టాండు లేకుండా మానిటర్ బరువెంతో చూడండి. చాలా ఆర్మ్‌లు 8–9 కిలోల దాకానే మోస్తాయి, 49 అంగుళాలవి చాలావరకు పది దాటుతాయి. పైగా వంపు వల్ల బరువు ముందుకు పడుతుంది. సరిగ్గా పరిమితి దగ్గర ఉన్న ఆర్మ్ మెల్లగా తల వాల్చేస్తుంది. మానిటర్ బరువు ఆర్మ్ పరిమితికి రెండు మూడు కిలోలు తక్కువుండేలా చూసుకోండి. మానిటర్ వెనక ఆర్మ్ బిగించే 100 × 100 మిల్లీమీటర్ల రంధ్రాలు లోతు గుంటలో ఉంటే స్పేసర్లు, పొడవాటి స్క్రూలు కావాలి.

11. మొదటి రోజు పరీక్షలు

కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారో, మదర్‌బోర్డుకు పెట్టారో ఒకసారి వంగి చూడండి. నవ్వొచ్చినా, ‘కొత్త మానిటర్ మీద ఆట నత్తనడక నడుస్తోంది’ అనే ఫిర్యాదుల్లో ఇది తరచూ బయటపడుతుంది. తర్వాత విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేకు వెళ్లి రిఫ్రెష్ రేట్ మార్చండి. చాలాసార్లు అది 60 మీదే ఉండిపోతుంది.

పిక్సెళ్లు: ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు పూర్తి స్క్రీన్‌లో ఒక్కొక్కటీ తెరిచి దగ్గరగా చూడండి. ముందు మెత్తటి పొడిగుడ్డతో తుడవండి, దుమ్ము కణం చూసి కంగారుపడేవాళ్లు ఎక్కువ.

వెలుగు కారడం: గది చీకటి చేసి నల్లటి బొమ్మ పెట్టండి. బ్రైట్‌నెస్ 100లో కాదు, మీరు రోజూ వాడే స్థాయిలో. మూలలో మెరుపు కనిపిస్తే తల పక్కకు జరపండి. మెరుపు మీతోపాటు జరిగితే అది ఐపీఎస్ స్వభావం, మారదు. కదలకుండా అక్కడే ఉంటే బ్యాక్‌లైట్ కారుతోంది. ఫోన్ కెమెరా ఆ వెలుగును ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తుంది, ఫొటో చూసి నిర్ణయం తీసుకోవద్దు.

చారలు: టెస్ట్‌యూఎఫ్ఓ సైటులో ఘోస్టింగ్ పరీక్ష పెట్టి, మానిటర్ మెనూలో ఓవర్‌డ్రైవ్ (పిక్సెళ్లు త్వరగా రంగు మారేలా తోసే సెట్టింగు) ఒక్కో మెట్టూ పెంచుతూ చూడండి. చివరి మెట్టులో బొమ్మ వెనక తెల్లటి నీడ వస్తుంది. అది ఓవర్‌డ్రైవ్ మోతాదు మించిందని. బాక్సు మీది మిల్లీసెకన్లు ఆ చివరి మెట్టులోనే కొలిచి ఉంటారు! మధ్య మెట్టు పెట్టుకోండి. దాన్ని 60 ఫ్రేముల దగ్గరా, గరిష్ఠం దగ్గరా రెండుచోట్లా చూడాలి, ఒకచోట బాగున్నది ఇంకోచోట పాడవుతుంది.

మిణుకు: ఫ్రీసింక్ వేసి చీకటి మెనూలు, లోడింగ్ స్క్రీన్లు చూడండి. వీఏ, ఓఎల్‌ఈడీల్లో ఫ్రేములు ఒక్కసారిగా ఎగిరిపడినప్పుడు వెలుగు మిణుకుమంటుంది. ఫ్రేములకు పరిమితి పెడితే చాలావరకు తగ్గుతుంది. 144 హెర్ట్జ్‌కు 138–141 దగ్గర పెట్టండి. అదీ చాలక చిరాకుగానే ఉంటే ఆ ఒక్క ఆటకు ఫ్రీసింక్ ఆపేయండి.

అక్షరాలు: విండోస్‌లో క్లియర్‌టైప్ ట్యూనింగ్ (అక్షరాలను స్పష్టంగా సర్దే సాధనం) ఒకసారి నడపండి.

ఓఎల్‌ఈడీ అయితే టాస్క్‌బార్ దానంతట అదే దాక్కునేలా పెట్టండి, ఐదు నిమిషాలకు స్క్రీన్ ఆరిపోయేలా చూడండి. రాత్రి గోడ స్విచ్ ఆపే అలవాటుంటే ఈ మానిటర్ దగ్గర మానుకోవాలి. స్టాండ్‌బైలో ఉన్నప్పుడే అది తన పిక్సెళ్లను సరిచేసుకుంటుంది. కరెంటు తీసేస్తే ఆ పని రోజూ సగంలో ఆగిపోతుంది.

ఈ పరీక్షలన్నీ మొదటి వారంలోనే రెండుసార్లు చేయండి. రెండోసారి, మానిటర్ కనీసం అరగంట వెలిగి వేడెక్కాక చేయాలి. చల్లగా ఉన్నప్పుడు వీఏ ప్యానెల్ చారలు ఎక్కువగా కనిపిస్తాయి. మూలల్లో కారే వెలుగు కూడా వేడెక్కాక కొంత మారుతుంది. తిరిగిచ్చేయాలా ఉంచుకోవాలా అనేది ఆ రెండోసారి చూసినదాన్ని బట్టే తేల్చండి.